పక్కకు రాను, కిందికే పోతాను

గరుసు (రోడ్లకు పరిచే గ్రావెల్, మొరం) తవ్వే కాంట్రాక్టర్ల నోట నేను తరచూ వినే మాట ఇది. "మేడం, నీళ్ల ట్యాంకు వైపు ఒక్క అడుగు కూడా రాను. కావాలంటే సున్నం గీత గీయించండి, ఆ గీత దాటను. కిందికే పోతాను." ఆ మాట అనేటప్పుడు మనిషి ఎంత త్యాగం చేస్తున్నట్టు కనిపిస్తాడంటే, ఇంకా వద్దనేవాళ్లే మొండివాళ్లుగా తేలిపోతారు. పక్కనున్న పెద్దమనుషులు తలలూపుతారు. దూరం తగ్గడం లేదు కదా, ఇంకా పేచీ ఎందుకని వాళ్ల లెక్క.

పేచీ అంతా అక్కడే ఉంది. గుంత లోతు పెరిగిందంటే అది ట్యాంకుకు దగ్గరైనట్టే. నేల మీద టేపు పట్టి కొలిస్తే ఈ దగ్గరవడం కనిపించదు, అంతే. పోయిన వేసవిలో కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఈ ముక్క ఒప్పించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్కడ చెప్పినదే, కాస్త తీరిగ్గా, ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి గుంతలు మన చుట్టూ చాలా ఉన్నాయి కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

నాది అనంతపురంలో చిన్న మట్టి పరీక్షల ల్యాబు. ఇళ్ల పునాదులకు, లేఅవుట్ రోడ్లకు, చెరువు కట్టలకు నమూనాలు వస్తుంటాయి. తవ్విన గుంత గట్టు, అంటే దాని పక్కగోడ, నిలుస్తుందో లేదో వచ్చి చూడమని పిలిచేవాళ్లు తక్కువ. పిలిస్తే గిలిస్తే గట్టు విరిగాక పిలుస్తారు, లేదా ఎవరో సోమవారం కలెక్టరేటులో అర్జీ పెట్టాక పిలుస్తారు. ఈసారి అర్జీ.

ఊరి బయట మిట్ట. మిట్ట మీద 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు. దానికి పడమటి పక్క గరుసు గుంత. మన జిల్లాల్లో ట్యాంకూ గుంతా పక్కపక్కన ఉండటం కాకతాళీయం కాదు. మిట్ట మీద మన్ను పలచన, పైరు పండదు, చాలాచోట్ల అది పోరంబోకు. నీళ్లు వాలులో దిగాలి కాబట్టి ట్యాంకు అక్కడే కడతారు. గుడి అక్కడే, సెల్ టవరు అక్కడే, ఇళ్ల స్థలాల కాలనీ అక్కడే. గరుసు దొరికేదీ అక్కడే. పొలాల్లో తవ్వితే రైతు ఊరుకోడు, పైగా నల్లరేగడితో ఎవరికీ పని లేదు. కాబట్టి కట్టేవాడూ తవ్వేవాడూ ఒకే మిట్ట మీద కలుసుకుంటారు. తమాషా ఏమిటంటే ఆ కాలనీకి వేసిన రోడ్డులో పరిచిన గరుసు కూడా ఈ గుంతలోదే.

ముందు చట్టం సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందరూ దాన్ని సగమే చదువుతారు. గ్రావెల్ 1957 నాటి గనుల చట్టం ప్రకారం చిన్న తరహా ఖనిజం, అనుమతులిచ్చేది రాష్ట్రమే. కార్మికుల భద్రతకు సంబంధించిన 1952 నాటి మైన్స్ యాక్ట్ (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) గ్రావెల్, మొరం గుంతలను చాలావరకు వదిలేసేది. అయితే షరతులుండేవి. లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు, ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. ఈ 6 మీటర్లను కొలిచేది గుంత అంచులో అత్యంత ఎత్తైన చోటు నుంచి అడుగున అత్యంత లోతైన చోటికి. మిట్ట మీద ఆ తేడా ఇట్టే దాటిపోతుంది. ఇక్కడ నేను కొలిస్తే 7 మీటర్లు వచ్చింది. అంటే 1961 నాటి మెటలిఫెరస్ (బొగ్గు, చమురు కాని) గనుల నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం మొరం, గ్రావెల్ లాంటి నేలలో గట్టు 45 డిగ్రీలకు మించి నిటారుగా ఉండకూడదు, లేదంటే మెట్లు మెట్లుగా కోయాలి. మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. పరుల కట్టడానికి 45 మీటర్ల లోపల తవ్వాలంటే రాతపూర్వకంగా ముందే అనుమతి ఉండాలి.

ఇక్కడ ట్యాంకు పునాది అంచు నుంచి గుంత అంచుకు 9 మీటర్లు. గట్టు గోడలా నిటారుగా ఉంది. మెట్లు లేవు. అనుమతి కాగితం ఎవరినడిగినా ఇంకొకరి దగ్గర ఉందన్నారు. సరే, ఆ విచారణ చేయవలసిన అధికారులు వేరే ఉన్నారు. నన్ను పిలిచింది ట్యాంకు ఉంటుందా పోతుందా చెప్పమని.

"ఉంటుంది మేడం. సంక్రాంతి నుంచి చూస్తున్నాం, ఒక్క పెళ్ల కూడా రాలలేదు" అన్నాడు కాంట్రాక్టరు.

ఆ మాట అబద్ధం కాదు. సంక్రాంతి నుంచి వానే లేదు. మన దగ్గర ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. జనవరి నుంచి మే దాకా మన ఎర్ర గరుసు గట్టు దాదాపు రాయిలా ప్రవర్తిస్తుంది. గునపం వేస్తే ఖణేల్‌మంటుంది. పిల్లలు తడి ఇసుకతో పాదం మీద పిచ్చుకగూడు కడతారు చూడండి, ఆ గూటిని నిలబెట్టేది ఇసుక బలం కాదు, రేణువుల మధ్య ఇరుక్కున్న కొద్దిపాటి తేమ పట్టు. గరుసులో ఆ పట్టుకు తోడు ఎండిన బంకమట్టి కూడా ఉంటుంది. రెండూ నీళ్లు తగలగానే సడలిపోయేవే. అందుకని వేసవిలో నిలబడ్డ గట్టును చూపించి "నిలబడింది కదా" అంటే నాకు నవ్వొస్తుంది. పరీక్ష రాయకముందే పాసయ్యానంటే ఎలా?

మాటలతో పని జరగదని ఒక స్టీలు గ్లాసు తెప్పించాను. గట్టు మధ్యభాగంలో గునపంతో నిమ్మకాయంత పెళ్ల ఊడదీసి అందరికీ చూపించాను. సర్పంచి అరచేతిలో పెట్టుకుని గట్టిగా నొక్కాడు, చెక్కుచెదరలేదు. దాన్ని గ్లాసులో వేసి, మునిగేదాకా మెల్లగా నీళ్లు పోశాను. మొదట సన్నటి బుడగలు వచ్చాయి. అంచుల నుంచి ఎర్రటి పొడి జారి అడుగున చేరింది. తర్వాత పెళ్ల మధ్యకు చీలింది, ఒక సగం ఒరిగి కూర్చుంది. టీ తాగడం పూర్తయ్యేలోపు గ్లాసు అడుగున గులకరాళ్లు, వాటి చుట్టూ ఎర్రటి బురద. గ్లాసు కదిపితే రాళ్లు గలగలలాడాయి. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేని పరీక్ష ఇది. నీటిలో పెళ్ల విడిపోయే తీరు చూస్తే చాలు, ఆ గట్టు బలంలో ఎంత భాగం ఎండది, ఎంత భాగం సొంతమో తెలుస్తుంది. కాంట్రాక్టరు గ్లాసును తీసుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఇప్పుడు అంకెలు. గట్టును నిలబెట్టేవి రెండు. ఒకటి రేణువుల మధ్య రాపిడి, దాన్ని కోణంగా చెబుతాం. రెండోది జిగట. నేల జారుడుకు ఈ రెండింటి లెక్క కట్టినవాడు కూలుంబ్. ఇంటర్ భౌతికశాస్త్రంలో విద్యుదావేశాల సూత్రంతో మనల్ని సతాయించిన ఆయనే. మార్టినిక్ దీవిలో కోట కట్టించిన సైనిక ఇంజనీరు కూడా ఆయనే. 1773లో ఆయన సమర్పించిన వ్యాసంలోని లెక్కనే ఇప్పటికీ వాడుతున్నాం. దాని ప్రకారం నిటారు గట్టు ఎంత ఎత్తు నిలవగలదంటే, జిగటను 4తో గుణించి ఘనపు మీటరు మట్టి బరువుతో భాగించి, రాపిడి కోణానికి తగిన గుణకంతో హెచ్చించాలి. 35 డిగ్రీల రాపిడికి ఆ గుణకం 1.9. ఆ బరువు 18 కిలోన్యూటన్లు (సుమారు 1.8 టన్నులు) అనుకుంటే, 7 మీటర్ల గట్టు నిలబడటానికి 16 కిలోపాస్కల్‌ల జిగట ఉండాలి. ఎండలో అది నిలబడి ఉంది కాబట్టి అంత జిగట ఉన్నట్టే. తడిశాక ఆ జిగట 5కు దిగిందనుకుందాం. అదే సూత్రంలో వేస్తే 2 మీటర్లకు కాస్త ఎక్కువ వస్తుంది. 7 మీటర్ల గోడ, 2 మీటర్ల బలం. పైన పగులు కూడా పడి ఉంటే అదీ నిలవదు.

పగులు పడే ఉంది. గుంత అంచు నుంచి మీటరు పైచిలుకు వెనక, అంచుకు సమాంతరంగా, ఎండుగడ్డి కింద సన్నటి నెర్రె. నల్లరేగడి నెర్రెలు పలకలు పలకలుగా, అన్ని దిక్కులకూ విచ్చుకుంటాయి, వాటితో భయం లేదు. ఇలా ఒకే దిక్కుగా, గుంత అంచును అనుసరిస్తూ పోయే నెర్రెను మాత్రం నమ్మకూడదు. గట్టు ముందుకు ఒరగడం మొదలైందని దాని అర్థం. రేపు వానాకాలంలో ఆ నెర్రెలో నీళ్లు నిండితే ఆ నీటి ఒత్తిడి కూడా గట్టును ముందుకు తోస్తుంది.

ల్యాబులో గరుసును పరీక్షించడం కూడా అంత తేలిక కాదని చెప్పాలి. చాలామంది రిపోర్టులు ఇక్కడే బోల్తా కొడతాయి. సాధారణంగా మట్టిని కోసి చూసే పెట్టె 60 మిల్లీమీటర్లది. 20 మిల్లీమీటర్ల రాళ్లున్న గరుసును అందులో కూరితే కోసేది మన్నునో రాయినో ఎవరికీ తెలియదు. 300 మిల్లీమీటర్ల పెద్ద పెట్టె మా దగ్గర లేదు. అందుకని 4.75 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన మెత్తటి భాగాన్ని మాత్రమే తీసుకుని, నానబెట్టి, కోస్తాను. రాళ్లు ఎలాగూ రాపిడిని పెంచుతాయే తప్ప తగ్గించవు కాబట్టి వచ్చే అంకె జాగ్రత్త వైపే ఉంటుంది. బోరు వేసి సుత్తి దెబ్బలు లెక్కపెట్టే పరీక్ష అయితే గరుసులో ఇంకా మోసం. గొట్టం మూతికి ఒక గుండ్రాయి అడ్డుపడితే చాలు, దెబ్బల సంఖ్య ఆకాశానికి ఎక్కుతుంది, నేల ఉక్కులా ఉందని రిపోర్టు వస్తుంది. ఎండబెట్టిన నమూనాతో పరీక్ష చేసి అంకెలు ఇచ్చే రిపోర్టు మీ చేతికి వస్తే, నానబెట్టి చేసినది ఎక్కడ అని అడగండి.

ఇదంతా గట్టు గురించి. ట్యాంకు గురించి ఇంకా మొదలుపెట్టలేదు.

పునాది మోసే బరువు నిట్టనిలువునా కిందికి పోదు, పక్కలకు పరుచుకుంటూ పోతుంది. పరుచుకోవడానికి చుట్టూ నేల ఉండాలి. వాలు నేల పక్కన పునాదుల గురించి ఐఎస్ 1904 అనే మన భారతీయ ప్రమాణం చెప్పేది ఇదే. పునాది అడుగు అంచు నుంచి, మట్టి నేలలో అయితే అడ్డానికి 30 డిగ్రీల వాలులో ఒక గీత గీయాలి. ఆ గీతను తవ్విన వాలు ఎక్కడా తాకకూడదు. లెక్కకు సులువుగా చెప్పాలంటే, పునాది అడుగు కంటే గుంత ఎన్ని మీటర్లు లోతుకు పోతే, దానికి 1.73 రెట్లు దూరం కావాలి.

ఈ ట్యాంకు పునాది నేల నుంచి 2 మీటర్ల లోతున ఉంది. గుంత 7 మీటర్లు. తేడా 5. దాన్ని 1.73తో హెచ్చిస్తే 8.65. ఉన్నది 9. అంటే ఈ రోజుకు, గట్టు విరగకుండా ఉంటే, జానెడు తేడాతో గట్టెక్కాం.

కాంట్రాక్టరు ముఖం వెలిగింది. "చెప్పాను కదా మేడం!"

"ఇంకెంత లోతు పోవాలనుకుంటున్నారు?"

"ఎంతో కాదు, 3 మీటర్లు. కింద సరుకు బాగుంది."

నేల మీద పుల్లతో గీశాను. గుంత 10 మీటర్లు అయితే పునాది కంటే 8 మీటర్లు కింద. 8ని 1.73తో హెచ్చిస్తే 14 మీటర్లకు కాస్త తక్కువ. ఉన్న దూరం అదే 9. సున్నం గీత గీసిన చోటే ఉంటుంది, ఆయన మాట తప్పలేదు, ఒక్క అడుగు పక్కకు రాలేదు. అయినా ట్యాంకుకు కావలసిన నేలలో దాదాపు 5 మీటర్లు ఆయన గుంత తినేసింది. పైగా నిటారు గట్టు విరిగితే అంచు ఇంకా వెనక్కి జరుగుతుంది, 9 కాస్తా 7 అవుతుంది, 6 అవుతుంది. ట్యాంకులో ఉన్న నీళ్లే 60 టన్నులు. సిమెంటు, కడ్డీల బరువు దానికి అదనం.

సర్పంచి ఆ గీతలు చూసి, "అంటే కిందికి పోవడమే దగ్గరికి రావడమా అమ్మా?" అన్నాడు. నేను అప్పటిదాకా చెప్పినదంతా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అప్పుడు చూశాను ట్యాంకు నుంచి పొంగిన నీరు పోయే గొట్టాన్ని. అది సరిగ్గా పడమటి పక్కకు, గుంత వైపుకు, వదిలి ఉంది. మోటారు ఆపడం ఆలస్యమైన ప్రతిసారీ నీళ్లు ఆ గొట్టంలోంచి పడి గట్టు వైపు ఇంకుతున్నాయి. గొట్టం కింద పచ్చగడ్డి, గుంత గోడ మీద అదే వరుసలో చెమ్మ మరక, ఆ మరక కింద రెండు గంపల రాలిన మన్ను. వేసవిలో ఒక్క పెళ్ల కూడా రాలలేదన్నది అంత నిజం కాదన్నమాట. రాలింది అక్కడొక్కచోటే. వాన కోసం ఎదురుచూడనక్కర్లేదు, ట్యాంకే తన గట్టుకు తాను నీళ్లు పెట్టుకుంటోంది. ఈ గొట్టం మీద ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే అది పెట్టినప్పుడు గుంత లేదు.

ఇంకో అలవాటు గురించి కూడా గట్టిగానే మాట్లాడాను. ఇటాచీ బకెట్టుతో గట్టు మొదట్లో తొలిస్తే పైదంతా దానంతటదే కూలుతుంది, డీజిల్ మిగులుతుందని ఆపరేటర్లకు ఒక కిటుకు. కూలేది ఎప్పుడో, ఎంత వెనక నుంచో ఎవరి చేతుల్లోనూ ఉండదు. టిప్పరు పక్కన నిలబడి బీడీ ముట్టించుకునే క్లీనరుకు అసలే తెలియదు. పునాది పక్కన ఈ పని చేస్తే ట్యాంకు కంటే ముందు పోయేది మనిషి.

మరి ఏం చేయాలి? అందరికీ తట్టేది, గట్టును పై నుంచి వాలుగా చెక్కేయడం. ఇక్కడ అది కుదరదు. 7 మీటర్ల ఎత్తుకు సరైన వాలు ఇవ్వాలంటే 14 మీటర్లు వెనక్కి పోవాలి, 9 మీటర్ల దగ్గరే ట్యాంకు ఉంది. కాబట్టి చెక్కడం కాదు, గుంతలోకే తిరిగి మన్ను పోయాలి. ఎంత వాలు అంటే, జిగటను పక్కనపెట్టి రాపిడితోనే చూస్తాను. నిలబెట్టే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే 1 వచ్చిందంటే గట్టు కూలడానికి సరిగ్గా అంచున ఉన్నట్టు. కట్టడం పక్కన 1.5 కావాలి. ఒకటికి ఒకటిన్నర వాలులో, అంటే మీటరు ఎత్తుకు మీటరున్నర అడ్డంగా పోయే వాలులో, 35 డిగ్రీల గరుసుకు 1.05 వస్తుంది, అది చాలదు. ఒకటికి రెండు వాలులో 1.4 వస్తుంది. తడిలో కూడా మిగిలే కాస్త జిగటను దానికి కలిపి, కంప్యూటర్‌లో, వాలు జారుడును లెక్కకట్టే 1955 నాటి బిషప్ పద్ధతితో సరిచూస్తే 1.5 దాటింది. అయితే వాలు పొడవునా నీరు ఊరుతూ ఉంటే ఈ అంకెలన్నీ సుమారు సగానికి పడిపోతాయి. అందుకే నా కాగితంలో మొదటి అంశం మన్ను కాదు, గొట్టం. దాన్ని తూర్పు పక్క కాలువకు తిప్పాలి. రెండోది మిట్ట మీది వాననీరు గుంత అంచుకు రాకుండా పైన అడ్డంగా ఒక చిన్న కాలువ, నెర్రెను బంకమట్టితో కూరి మూయడం. ఆ తర్వాతే గుంత అడుగు నుంచి పైకి, పొరలు పొరలుగా, ఒక్కో పొర జానెడు మించకుండా, తడిపి రోలరు తొక్కిస్తూ గరుసు పోయడం. టిప్పర్లు పై అంచుకు ఎక్కి గుమ్మరించడం నిషేధం. అలా పోసిన మన్ను గట్టును మోయదు, గట్టే దాన్ని మోయాల్సి వస్తుంది.

ట్యాంకు ఎదురుగా 25 మీటర్ల పొడవుకు లెక్కకట్టాను. 1,200 ఘనపు మీటర్ల పైచిలుకు. ఆ అంకె విన్నాక కాంట్రాక్టరు సున్నం గీత గురించి మళ్లీ ఎత్తలేదు.

"అంత సరుకు ఎక్కడి నుంచి తేవాలి మేడం?"

"గుంత అవతలి కొసన ఇంకా చాలా ఉంది కదా. అధికారులు ఒప్పుకుంటే అటు తవ్వి ఇటు పోయండి. అటు మాత్రం మెట్లుగా తవ్వండి."

నెర్రెకు అటొకటి ఇటొకటి మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరం వారానికోసారి కొలిచి నోటు పుస్తకంలో రాయమని, వాన పడితే రోజూ రాయమని, ట్యాంకు నీళ్లు వదిలే ఆయనకు అప్పగించాను. ఆయన ఎలాగూ రోజూ మిట్ట ఎక్కుతాడు. ట్యాంకు స్తంభాలను కలిపే దూలం మీద సన్నటి ప్లాస్టరు పట్టీ కూడా వేయించాం. కట్టడం కాస్త కదిలినా అది ముందుగా చిట్లుతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగిన రోజులు ఇక్కడివాళ్లకు గుర్తున్నాయి కాబట్టి, మన దగ్గర అంత వాన ఎక్కడిదని ఎవరూ అనలేదు.

మన్ను పోయడం జూన్‌లో మొదలైంది. సగంలో ఉండగా కాంట్రాక్టరు ఫోను చేశాడు. పోసిన గరుసును వానాకాలం వెళ్లాక మళ్లీ తీసుకోవచ్చా అని అడిగాడు. కుదరదని, ట్యాంకు అక్కడ ఉన్నంతకాలం అది ట్యాంకు పునాదిలో భాగమేనని చెప్పాను, ఆ వాక్యాన్ని రిపోర్టులో కూడా చేర్చి పంచాయతీకి ఒక ప్రతి పంపాను.

"పాత ట్యాంకు మేడం. రేపు కొత్తది వేరేచోట కడితే?"

"అప్పుడు అనుమతి తీసుకుని తవ్వుకోండి."

"అది కూడా రిపోర్టులో రాయండి మేడం" అన్నాడు.

రాశాను.